మూలలకు మిగిలిన జిగురు

ఇంట్లో పదునైన మూల ఒక్కటి కూడా లేకుండా చేశాడు తండ్రి. అతను లిఫ్టు మెకానిక్కు. కూతురికి నాలుగో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చి, పడటంలో భోజనాల బల్ల అంచు తగిలి నుదురు చీరుకుపోయింది. కుట్లు వేయించి ఇంటికి తెచ్చిన రోజునే అతను మందపాటి స్పాంజి పట్టీలూ, రెండువైపులా అంటుకునే టేపు చుట్టలూ పట్టుకొచ్చాడు. బల్ల, బీరువా, మంచం, కిటికీ గట్టు, దేన్నీ వదల్లేదు. పిల్ల అతని వెనకాలే తిరుగుతూ టేపు మీది కాగితం ఒలిచి ఇచ్చింది.

"నాన్నా, ఇంటికి చలేస్తోందా? స్వెట్టర్ తొడుగుతున్నావు" అంది.

ఒకచోట కుదురుగా నిలవదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్లు. పిచ్చుకకు ఆ తరవాత కూడా మూర్ఛలు వచ్చాయి. పడేది, లేచేది. మళ్లీ ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. ఏడో ఏట, చలికాలంలో, నిద్రలో వచ్చింది. బోర్లా పడుకుని ఉంది. ముఖం దిండులో కూరుకుపోయి ఉంది. స్కూలుకు టైమైందని తల్లి లేపబోయేసరికి ఒళ్లు చల్లబడి ఉంది.

"పడితే చప్పుడైనా వినపడేది కదండీ" అన్నాడు తండ్రి, డాక్టరుతో. డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం అతను బల్ల దగ్గర కూర్చున్నవాడల్లా లేచి, స్పాంజి పట్టీ పట్టుకుని లాగాడు. ఒకటి లాగాక ఆగలేకపోయాడు. సాయంత్రానికి ఇల్లంతా ఒలిచేశాడు. స్పాంజి ఊడింది గానీ టేపు జిగురు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. దాని మీద దుమ్ము పడి నల్లటి చారలు తేలాయి. ఎటు కదిలినా చెయ్యో, చీరకొంగో అంటుకునేది. తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది. తెల్లగుడ్డ బల్ల మీద పరిస్తే అంచులు మసిబారుతున్నాయని, నేల మీద పరుచుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. నడుం పడిపోయేది. అయినా ఆ జిగురు జోలికి పోలేదు.

సంగతి తెలిసి అతని అక్క వచ్చింది. ఆమె ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేయించే పని చూస్తుంది. సంచీలో కొబ్బరినూనె, థిన్నరు సీసా, పాత గుడ్డలు, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చుకుంది. కుర్చీలో కూర్చుని లేవబోతే చీర జిగురుకు అంటుకుపోయింది.

"ఏంట్రా తమ్ముడూ, మీ కుర్చీ కూడా నాతో మా ఇంటికొచ్చేసేట్టుంది" అంది. ఎవరూ నవ్వలేదు. ఆమే కాస్త నవ్వి, కొంగు బిగించి పనిలోకి దిగింది.

ఇనప బీరువా తేలిగ్గానే లొంగింది. థిన్నరు తడిపిన గుడ్డతో రుద్దితే జిగురు ఉండలు కట్టి రాలింది. బల్లకు థిన్నరు పనికిరాదు, పాలిష్ లేచిపోతుంది. నూనె పట్టించి నాననిచ్చి, ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా గీకాలి. ముగ్గురూ తలో మూల పట్టుకున్నారు. తల్లి కూడా చేసింది, అడిగినంత వరకే. మధ్యాహ్నానికి మిగిలింది పిచ్చుక మంచం.

తలవైపు చెక్క మీద వేడిగాలి పట్టించడానికి అతని అక్క డ్రయ్యరు ఎత్తింది.

"ఆగండి వదినా."

తల్లి ముందుకు వంగి చూసింది. జిగురు మీద వేలిముద్రలు ఉన్నాయి. చిన్నచిన్నవి, పక్కపక్కన. వాటి మధ్య ఒక వెంట్రుక. నిద్ర పట్టేదాకా పిచ్చుక అక్కడ స్పాంజి కొస పైకి లేపి, కింది జిగురు మీద వేళ్లు అద్ది తీస్తూ ఉండేది. టిక్ టిక్ మని చప్పుడొచ్చేది. తల్లి రోజూ కసిరేది.

"ఇది ఉంచెయ్యండి. ఇది ఒక్కటీ."

భర్త గుమ్మంలోనే నిలబడ్డాడు. "వద్దు. అది కళ్లబడిందంటే నాకు ఊపిరాడదు."

"అది లేకపోతే నాకు ఆడదు."

"ఎన్నాళ్లు ఉంచుతావు? దుమ్ము పట్టి అదీ నల్లగా అయిపోతుంది."

"పట్టనివ్వను."

అక్క డ్రయ్యరు తీగ చుట్టేసి సంచీలో పెట్టింది. "ఒరేయ్, ఇవాళ్టికి వదిలెయ్ రా" అని తమ్ముణ్ణి బయటికి తీసుకెళ్లింది. పొద్దు వాలకముందే వెళ్లిపోయింది.

దుమ్ము మాట మాత్రం తల్లి మనసులో పడిపోయింది. మర్నాడు భర్త పనికి వెళ్లాక కుట్టుమిషను సొరుగులోంచి పారదర్శకంగా ఉండే వెడల్పాటి టేపు తీసింది. ముద్రల మీద గాలి చొరకుండా అంటించాలనుకుంది. గుడ్డ మీద మడత పోగొట్టే అలవాటు చేతులకు ఉంది. ఆ అలవాటు చొప్పునే బొటనవేలితో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గట్టిగా నొక్కింది.

చెయ్యి తీసి చూసింది. కింద జిగురు మెత్తగా పరుచుకుపోయి ఉంది. టేపు లేపబోయింది. జిగురంతా తీగలు సాగుతూ దాంతోపాటే లేచింది. వెంట్రుక తెగి ఒక ముక్క టేపుకూ, ఒక ముక్క చెక్కకూ పోయింది. ముద్రలు ఏ వైపూ లేవు. చెక్క మీద ఒకే ఒక్క పెద్ద బొటనవేలి గుర్తు ఉంది. అది తనది.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది, ఒళ్లో టేపు ఉండ. అతను చూశాడు. ఏం జరిగిందో చెప్పించుకోవాల్సిన పని పడలేదు.

"నేనే చేశాను" అంది.

"ఊ."

"ఇంక తీసెయ్యండి. మీ చేత్తోనే తీసెయ్యండి."

అక్క వదిలి వెళ్లిన థిన్నరు సీసా తెచ్చాడు. పాలిష్ గురించి ఆలోచించలేదు. రుద్దుతుంటే గుడ్డ పసుపురంగుకు తిరిగింది, చెక్క పాలిపోయింది. ఏడుస్తున్నాడని ఆమెకు వీపు చూస్తే తెలిసింది. లేచి వెళ్లి పట్టుకోవాలనిపించింది గానీ టేపు ఉండ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

పనయ్యాక అతను సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. థిన్నరు వాసన పోలేదు. మళ్లీ కడుక్కున్నాడు. తువ్వాలు అందించడానికి ఆమె వచ్చి నిలబడింది.

"రేపు డ్యూటీకి వెళ్లనా, ఉండనా?" అని అడిగాడు.

"వెళ్లండి. ఇద్దరం ఇంట్లో ఉండి ఏం చేస్తాం?"

అతను తల ఊపి తువ్వాలు అందుకున్నాడు.