అత్త కుర్చీకి కట్టిన జీపు

మా ఆయన హాల్లో గచ్చులోకి మోకాళ్ల దాకా దిగిపోయి ఉన్నాడు. ఉదయం పాలు తీసుకుని లోపలికి వచ్చేసరికి కనిపిస్తాడు. గచ్చు ఆయన చుట్టూ మాత్రమే మెత్తబడింది. మిగతాదంతా ఎర్రగా, గట్టిగా, నిన్న నేను తుడిచినట్టే ఉంది.

"ఎప్పుడు దిగేవు?" అని అడుగుతాను.

"ఇందాకే. టీవీ కట్టేద్దామని లేచేను."

"చల్లగా ఉందా?"

"కొండ గెడ్డ నీళ్లలాగుంది," అంటాడు.

పాలగిన్నె కింద పెట్టి ఆయన చేతులు పట్టుకుని లాగుతాను. ఆయన రాడు. నా పాదాలే గచ్చు మీద జారుతూ ఆయన వైపు వెళ్తాయి. ఇద్దరిలో ఎవరు గట్టిగా నాటుకుని ఉంటే వాళ్ల దగ్గరికి రెండోవాళ్లు రావాల్సిందే. చేతులు వదిలేసి పాలు పొయ్యి మీద పెడతాను.

మధ్యాహ్నం కంచంలో అన్నం, ఆనపకాయ పులుసు పెట్టి తెచ్చి ఆయన ముందు గచ్చు మీద ఉంచుతాను. సాయంత్రం చూస్తే కంచం అలాగే ఉంది. అన్నం మీద చెయ్యి పెట్టిన గుర్తు కూడా లేదు. అప్పటికి ఆయన నడుం దాకా దిగాడు. తినకుండా ఉంటే తేలికపడి పైకి తేలతాడేమో అనుకుంటాను. కానీ మా ఇంట్లో ఆకలి ఎప్పుడూ కిందికే లాగుతుంది.

ఎదురింటి సింహాచలం పెరుగు తోడుకి వచ్చి గుమ్మంలోంచి తొంగి చూస్తుంది.

"ఓలమ్మ, మీ ఆయన ఎంతవరకూ వచ్చేడు?"

"నడుం దాకా."

"మా వంటగదిలో కూడా కొంచెం తడిగానే ఉంది. మా ఆయన్ని అటు వెళ్లొద్దని చెప్పేను." తోడు గిన్నె అందుకుని, "ఆ జీపుకి లాగేది ఉంది కదే వరాలూ. దాన్ని బాగుచేయరాదూ?" అంటుంది.

గచ్చులోంచి మా ఆయన తల తిప్పుకుంటాడు.

జీపు మా గేటుకీ గుమ్మానికీ మధ్య, మూతి ఇంటి వైపు పెట్టుకుని నిలబడి ఉంది. దాని ముందు బంపరు మీద కరెంటు వించి ఉంది, బ్యాటరీ మీద నడిచేది. డ్రమ్ముకి చుట్టిన ఇనప తాడు కొసని చెట్టుకో బండకో తగిలించి స్విచ్చి నొక్కితే, బురదలో దిగబడ్డ జీపు తనను తానే లాక్కుని పైకొస్తుంది. ఘాట్ రోడ్డు కింది ఊళ్ల నుంచి పసుపు బస్తాలు తెచ్చే రోజుల్లో అది లేకుండా వానాకాలం గడిచేది కాదు.

జీపు నడిపేది మా ఆయన అన్న, మా బావ గురువులు. మా ఆయన పక్కన కూర్చునేవాడు. ఒక వానాకాలం కొండవాగు దాటుతుంటే జీపు ఆ గెడ్డ మధ్యలో ఆగిపోయింది. బావ హుక్కు చేత్తో పట్టుకుని ఒడ్డున చెట్టుకి తగిలించడానికి నీళ్లలోకి దిగాడు. స్విచ్చి మా ఆయన చేతిలో ఉంది. నీళ్లు ఒక్కసారిగా పెరిగాయి. "లాగరా!" అని బావ అరిచాడు. మా ఆయన నొక్కాడు. వించి పలకలేదు. బావని గెడ్డ తీసుకుపోయింది. వానలకి ముందే దాన్ని విప్పి కడిగి గ్రీజు మార్చే పని మా ఆయనది. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకున్నాడు.

ఆ రోజు నుంచి మా అత్త పైడమ్మ గేటు దగ్గర ఇనప కుర్చీలో కూర్చుని ఉంది. పెద్దకొడుకు వచ్చేదాకా లేవనంది. ఆమె రోజూ కాస్త బరువెక్కుతోంది. వీధి ఆమె వైపు వాలిపోయింది. ఉల్లిపాయల బండి వచ్చినప్పుడు నాలుగైదు ఉల్లిపాయలు దొర్లుకుంటూ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర ఆగుతాయి. కూరకి అవి సరిపోతాయి. ఆమె చిన్నకొడుకుని ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. ఇంటి వైపు చూడలేదు.

నేను రెంచీలు తీస్తాను. పని నాకు తెలుసు. బావ విప్పినప్పుడల్లా సామాను కడిగి, చాట మీద వరసగా ఆరబెట్టింది నేనే.

బోల్టులు కదలవు. కిరసనాయిలు పోసి నాననిచ్చి, ఈలోగా బియ్యం ఏరుకుంటాను. బియ్యం ఏరడం అయ్యేసరికి అవి ఒక్కొక్కటే దగ్గి వదులవుతాయి. మోటారు మూత తీయగానే లోపల్నుంచి నీళ్లు వస్తాయి. పసుపు కలిసిన బురద నీళ్లు. బకెట్టు నిండుతుంది. బిందెలు నిండుతాయి. ఆ తర్వాత వాకిట్లోంచి కాలవలోకి పారనిస్తాను.

"ఏటే ఆ చప్పుడు?" అని గేటు దగ్గర్నుంచి అత్త అడుగుతుంది.

"నీళ్లత్తా."

"ఎక్కడివి?"

"పాతవి."

చివర్న బావ చెప్పు ఒకటి బయటికి వస్తుంది. దాన్ని కడిగి, గుమ్మం పక్కన మిగతా చెప్పులతో పాటు పెడతాను.

మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు రెండూ అరిగి గోటి ముక్కల్లా ఉన్నాయి. కొత్తవి నర్సీపట్నం నుంచి బస్సులో వస్తాయి. కండక్టరు పొట్లం అందిస్తూ నా చేతులకున్న నల్లటి మసి చూస్తాడు.

"ఇంట్లో ఎవరమ్మా?"

"మా ఆయన."

"ఎంతవరకు?"

"రొమ్ము దాకా."

"అయితే మాటల్లో పెట్టను. వెళ్లండి," అని విజిల్ వేస్తాడు.

కొత్త బ్రష్షులు ఆనుకునే, గుండ్రంగా తిరిగే రాగి భాగాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతాను. అది పూజ గిన్నెలా మెరిసేదాకా రుద్దుతాను. బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడుగుతాను. తర్వాత గేర్ల పెట్టె విప్పుతాను. పాత గ్రీజు పాకం ముదిరిన బెల్లం జీడిలా బిగిసిపోయి ఉంది. పళ్ల సందుల్లో గరిటె కాడతో గీరుతుంటే ఒక గొంతు వినిపిస్తుంది. గీరిన కొద్దీ స్పష్టమవుతుంది. "లా," అంటుంది మొదట. ఇంకాస్త గీరితే, "లాగ." ఆ రోజు బావ అరిచిన అరుపు గ్రీజులో ఇరుక్కుని ఎండిపోయింది. దాన్ని పాత లంగా గుడ్డకి జాగ్రత్తగా తుడిచి, ముడివేసి, అటక మీద పెడతాను.

అయినా మా ఆయన వింటాడు. లోపలికి వెళ్లేసరికి భుజాల దాకా దిగి ఉన్నాడు.

"దాన్ని ముట్టుకోకు," అంటాడు.

"కొత్త గ్రీజు పెట్టేను. బాగానే తిరుగుతోంది."

"అందుకే. అప్పుడు తిరగలేదు, ఇప్పుడు నాకు తిరుగుద్దా?"

"నువ్విలా దిగిపోతే నేనేం చేయాలయ్యా?"

ఆయన గడప వైపు చూస్తాడు. అక్కణ్నుంచి జీపు మూతి కనబడుతుంది. దాని వెనక అత్త ఉన్నది కనబడదు.

"అమ్మ ఒక్కసారి ఇటొచ్చి చూస్తే వచ్చేద్దును," అంటాడు.

కంచం తీస్తాను. అన్నం అలాగే ఉంది.

ఇనప తాడు మొత్తం బయటికి లాగి, చేతులకి తోలు తొడుగులు వేసుకుని పొడవునా తడుముతాను. కొస దగ్గర తీగలు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి. ఆ ముక్క కోసేసి హుక్కు మళ్లీ బిగిస్తాను. బస్తాలు కట్టే వెడల్పాటి పట్టీని మా ఆయన చంకల కిందుగా బురదలోకి చేతులు పెట్టి తిప్పి, హుక్కు తగిలిస్తాను. స్విచ్చి నొక్కుతాను. వించి మొదటిసారే పలుకుతుంది, పిండిమరలా సన్నగా.

కానీ కదిలింది జీపు. బస్తాల్లేని జీపు తేలిక. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టినా, ఈడ్చుకుంటూ గుమ్మం వైపు వస్తుంది. మా ఆయన వెంట్రుకంత కూడా రాలేదు.

"వెనక దేనికైనా కట్టాలి," అంటుంది సింహాచలం.

కరెంటు స్తంభానికి కడతాను. అది మర్యాదగా రెండడుగులు ముందుకి వస్తుంది. గేటుకి కడితే గేటు ఊడి వస్తుంది. సింహాచలం, నేను ఒకేసారి అత్త వైపు చూస్తాం.

"అత్తా, జీపుని నీ కుర్చీకి కడతాను."

"దేనికి?"

"నువ్వు కదలవు కదా."

"కదిలి ఎక్కడికెళ్తాను? ఆడొచ్చేదాకా ఇక్కడే."

"చిన్నోడు దిగిపోతున్నాడత్తా. ఆణ్ని లాగుతాను. నేను చెప్పేదాకా మాత్రం లేవకు."

"ఏటే, నా లేవడం నువ్వెప్పుడు చూసేవు?" అంటుంది. నవ్వినట్టే ఉంటుంది.

గొలుసు జీపు వెనక కొక్కేనికీ, ఆమె కూర్చున్న కుర్చీ కాళ్లకీ బిగించి కడతాను. ఇంకొకటి అడగాలి. లాగేటప్పుడు తాడు మీద బరువైన గుడ్డేదైనా కప్పాలి. తాడు తెగితే కొరడాలా లేచి మనిషిని కొట్టకుండా ఆ బరువు దాన్ని కిందికి పడేస్తుంది. బావ ఎప్పుడూ బొంత కప్పేవాడు. ఆ బొంత ఇప్పుడు అత్త ఒళ్లో ఉంది. ఇద్దరు కొడుకుల చిన్నప్పటి చొక్కాలతో ఆమే కుట్టింది.

"బొంత ఇయ్యత్తా."

"ఇది పెద్దోడిది."

"నీలం ముక్కలు చిన్నోడివి. నువ్వే చెప్పేవు."

ఆమె బొంత మీద వేలితో నీలం ముక్కలు వెతుక్కుంటుంది. తర్వాత ఇచ్చేస్తుంది.

నేను స్విచ్చి పట్టుకుని వాకిట్లో పక్కగా నిలబడతాను. సింహాచలం తాడు మీద బొంత సర్ది దూరంగా వెళ్తుంది. మా ఆయన గడ్డం దాకా దిగి ఉన్నాడు. నొక్కుతాను. గొలుసు బిగుసుకుంటుంది. కుర్చీ కిర్రుమంటుంది. అత్త కదలదు. జీపు కదలదు. మా ఆయన మెడ బయటికొస్తుంది, తర్వాత భుజాలు.

మోటారు మీద చెయ్యి వేసి చూస్తాను. కాలితే ఆపాలి. ఆపినప్పుడల్లా ఆయన వేలెడు దిగుతాడు. చల్లారాక నొక్కితే జానెడు వస్తాడు. లెక్క మా వైపే ఉంది. డ్రమ్ము మీద తాడు చుట్టు పక్క చుట్టు, పొందిగ్గా పడుతోంది. నడుం బయటికొస్తుంది. ఆయన లుంగీకి పసుపు బురద పట్టి ఉంది. నేను ఆయన్ని ఇంత నిటారుగా చూసి చాలా కాలమైంది.

మోకాళ్ల దగ్గర తాడు ఆగిపోతుంది. వించి గొంతు మారుతుంది.

"కింద ఎవరో కాళ్లు పట్టుకున్నారు," అంటాడు మా ఆయన.

"ఎవరు?"

"చెయ్యి నాకు తెలుసు."

"విదిలించుకో."

"విదిలించుకోలేనే." ఆయన మొహం చిన్నదవుతుంది. ముడతలు పోతాయి. మీసం పోతుంది. బడికి వెళ్లనని ఏడ్చే పిల్లాడి గొంతుతో, "అమ్మా!" అని అరుస్తాడు.

అత్త లేస్తుంది.

అంత బరువు మనిషి, ఎవరో పిలిస్తే మంచినీళ్లివ్వడానికి లేచినట్టు చటుక్కున లేస్తుంది. "వస్తన్నా నాయినా," అంటుంది. "లేవకత్తా!" అని నేను అరిచేలోపు కుర్చీ గాల్లోకి లేచి, జీపు వెనక భాగానికి తగిలి రెండు ముక్కలవుతుంది. జీపు గడప దాటి హాల్లోకి దూకుతుంది. స్విచ్చి నా చేతిలోంచి జారి దాని వెంట పోతుంది. వాలిన వీధి ఒక్కసారిగా చదునవుతుంది. సింహాచలం వాళ్ల వాకిట్లో ఆరబెట్టిన గిన్నెలన్నీ మోగుతాయి.

జీపు మూతి ముందు దిగుతుంది, తర్వాత స్టీరింగు, తర్వాత వెనక చక్రాలు. మా ఆయన దాని ముందే వెళ్లిపోయాడు. బురద మూసుకుంటుంది. దాని మీద బొంత పరుచుకుని ఉంటుంది, ఎవరో పడుకోవడానికి వేసినట్టు.

అత్త నన్ను దాటుకుని వెళ్తుంది. ఆమె పాదాలు నేలకి ఆనడం లేదు. బరువంతా కుర్చీ దగ్గరే వదిలేసి వచ్చింది. గుంట దగ్గర ఆగదు. దూకుతుంది. దిగదు. మెత్తటి బురద మీద నీటిపురుగులా నిలబడుతుంది. కాలితో తొక్కుతుంది, మోకాళ్ల మీద పడి చేతులతో తవ్వబోతుంది, ఆమె వేళ్లకి తడి కూడా అంటదు.

"నాయినా, వచ్చేనురా. ఇదిగో వచ్చేను," అంటూ బురద మీద ఇటూ అటూ తిరుగుతోంది. కొడుకు దగ్గరికి దిగడానికి కావాల్సిన బరువు ఆమె దగ్గర లేదు.

గొలుసు కొస నా కాళ్ల పక్కనుంచి పాములా లోపలికి పోతోంది. దాన్ని పట్టుకుంటాను. అది నన్ను గడప దాకా ఈడ్చుకొస్తుంది. అక్కడ కూర్చుంటాను. గొలుసుని నడుముకి చుట్టి, మిగిలింది ఒళ్లో పెట్టుకుంటాను.

బరువెక్కడం కష్టమేమీ కాదు. ఇన్నాళ్లూ కుర్చీకీ గచ్చుకీ మధ్య కంచాలు మోస్తూ నేను ఎవరితోనూ అనని మాటలు ఉన్నాయి. అవి ఒక్కొక్కటే కిందికి దింపుకుంటాను. గడప రాయి కింద మట్టి నొక్కుకుంటుంది. వీధి నెమ్మదిగా మళ్లీ వాలుతుంది, ఈసారి నా వైపు. ఎక్కడిదో ఒక ఉల్లిపాయ వచ్చి నా మడమకి తగులుతుంది.

కింద వించి తిరుగుతూనే ఉంది. బాగుచేసింది నేనే, గొంతు గుర్తుపడతాను. గొలుసు బిగుస్తుంది. నేను కదలను. కదలాల్సింది రెండోవైపు కాబట్టి, గుంటే కదులుతుంది. హాల్లో గచ్చుని పక్కకి తోసుకుంటూ, మీద బొంతతో, బొంత పక్కన నడిచే మా అత్తతో, నా పాదాల దాకా వచ్చి ఆగుతుంది.

బొంత కింద ఏదో కదులుతుంది. నీలం ముక్కల మధ్య నుంచి మా ఆయన చెయ్యి బయటికి వస్తుంది. ఆ చేతిలో కంచం ఉంది. ఖాళీ కంచం. మెతుకు కూడా లేకుండా తిన్న కంచం. దాన్ని నా వైపు చాచి పట్టుకుంటాడు.

"అన్నం అడుగుతున్నాడే! పెట్టవే!" అంటుంది అత్త. ఆమె వంటగదిలోకి వెళ్లి గరిటె ఎత్తబోతుంది. గరిటె ఆమెకి లేవదు.

నేను లేవకూడదు. లేస్తే ఈ చెయ్యి కూడా వెళ్లిపోతుంది. చెయ్యి కంచం దించడం లేదు. అందుకని కూర్చున్న చోటు నుంచే వంటగదిని పిలుస్తాను.

అది వింటుంది. పొయ్యి, పొయ్యి మీద అన్నం గిన్నె, పప్పుల డబ్బాల అలమర, గరిటె పట్టుకుని వేలాడుతున్న అత్త, అన్నీ సర్దుకుని గోడలతో సహా నా వైపు బయల్దేరుతుంది. గుంట అవతలి అంచు దగ్గర ఆగి, లోతు తెలియని నీళ్లలోకి దిగబోయే గేదెలా తల వంచి చూస్తుంది. తర్వాత మండుతున్న పొయ్యితో, మొదటి అడుగుగా తన గడపని బురదలో పెడుతుంది.