కెతూరా పట్టిన రోడ్డు

బెతెల్ ఊళ్ళో సాయంత్రమైతే కెతూరా చేసే పని ఒకటే. చెరకు బండ్లు ఇళ్ళకు మళ్ళాక ఊరి చివర రోడ్డు కొస దగ్గరికి వెళ్ళేది. మడమలు నేలలోకి దించి, పగలంతా ఎండకి సాగిన రోడ్డుని వెనక్కి లాగేది. లాగిన కొసని పాత గానుగ తాలూకు ఇనుప దిమ్మకి చుట్టి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, పక్కింటివాళ్ళ మేకని తిట్టుకుంటూ ఇంటికి పోయేది.

మా దీవిలో రోడ్లు సాగుతాయి. తడి బట్టలు ఆరేసిన తాడు వదులైనట్టే. ఎవరూ లాగకపోతే పట్నం రోజురోజుకీ దూరమైపోతుంది. అందుకే ఊరికొక రోడ్డు మనిషిని పెట్టి సర్కారు జీతమిచ్చేది. బెతెల్‌లో ఆ ఉద్యోగం కెతూరాది, ఆమెకు ముందు వాళ్ళమ్మది.

ఇంతలో సముద్రం అవతల తెల్లవాళ్ళు ఏవో దుంపల్లోంచి పంచదార తీయడం నేర్చుకున్నారు. మా చెరకు ధర పడిపోయింది. దాంతో సర్కారుకి రాబడి పడిపోయింది. రాబడి పడితే గవర్నరు గారింట్లో విందులు తగ్గాలి కదా? అవి తగ్గలేదు. మా ఊరి ఆసుపత్రి మూసేశారు.

ఓడెక్కి వెళ్ళిపోయే ముందు నర్సమ్మ ఆదీనా కడుపు మీద చెయ్యివేసి చాలాసేపు చూసింది. ఆదీనా కెతూరాకి చెల్లెలి కూతురు. తల్లి పోయాక కెతూరాయే పెంచింది. మొగుడు పనామాలో కాలవ తవ్వడానికి పోయాడు. నిరుడు పుట్టిన మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది.

"బిడ్డ అడ్డం తిరిగి ఉంది," అంది నర్సమ్మ. "ఈ కాన్పు డాక్టరు చేతుల మీదే జరగాలి. నొప్పులు మొదలవగానే పట్నం తీసుకుపో, కెతూరా. ముందే తీసుకుపోయినా లాభం లేదు. అక్కడా మంచాలు తగ్గించేశారు, నొప్పులు రానిదే గడప తొక్కనివ్వరు."

"రోడ్డు నా చేతిలో ఉండగా భయమేంటమ్మా?" అంది కెతూరా. పట్నం అప్పుడు గాడిద బండి మీద గంట ప్రయాణమే.

ఆ నెల తిరక్కుండానే రోడ్ల ఇన్‌స్పెక్టరు ట్రెడ్‌గోల్డ్ గుర్రబ్బండి దిగాడు. సన్నగా, ఎండకి కందిపోయిన మొహంతో ఉండే మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డ కబురు చెప్పడం చేతకాక టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు.

"రోడ్డు మనుషుల్ని తీసేశారు. పై నుంచి ఉత్తర్వు. ఆ ఇనుప దిమ్మని కూడా పాత ఇనుము కింద వేలం వేస్తున్నారు."

"మరి లాగేదెవరు దొరా?"

"ఊళ్ళో వాళ్ళే ఎవరో ఒకరు... సేవగా."

"సేవా? ఏం, మీరు జీతం లేకుండా సేవగానే ఆ బండెక్కి తిరుగుతున్నారా?"

ఆయన టోపీ పెట్టుకుని బండెక్కాడు. కెతూరా మర్నాటి నుంచి రోడ్డు ముట్టుకోలేదు.

రోడ్డు సాగడం మొదలైంది. పొద్దున్నే సంతకెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చే ఆడవాళ్ళు దీపాలు పెట్టే వేళకి రాసాగారు. పాదిరి ఆదివారం ప్రసంగానికి సోమవారం చేరాడు. అంత దూరం నుంచి వచ్చాడు కదా అని కూర్చుని విన్నాం.

"అక్కా, చేతులు దురద పెట్టడంలేదూ?" అని అడిగాడు పెద్దవల నడిపే మేషాక్.

"పెడితే నీ చెంప ఉందిగా."

"అది కాదే. నువ్వు పంతం పట్టావు, సరే. పిల్ల సంగతేంటి?"

కెతూరాకి ఆ లెక్క లేకపోలేదు. "ఊరికే లాగితే ఇక నా జన్మంతా ఊరికే లాగించుకుంటారు. కోతలు మొదలవనీ. పంచదార పీపాలు రేవుకి చేరకపోతే తోటల దొరలే గవర్నరు పీకమీద కూర్చుంటారు. ఆ వెంటనే నా ఉద్యోగం నాకొస్తుంది. పిల్లకి ఇంకా టైముంది."

"నాకేం తొందర లేదు మావా, పెద్దమ్మని గెలవనీ," అంది గుమ్మంలో కూర్చుని కసావా దుంప తురుముతున్న ఆదీనా.

కడుపులో బిడ్డకి మాత్రం తొందరైంది. ఇంకా ఒక్క చెరకు గడ కూడా కొట్టకముందే, ఎండ మండిపోతున్న వేళ, ఆదీనా తలుపు పట్టుకుని వంగిపోయింది.

కెతూరా రోడ్డు దగ్గరికి పరిగెత్తింది. అది కొండ మీదంతా వంకరటింకరగా, మడతలు మడతలుగా పడి ఉంది. పట్నం ఎటువైపుందో కూడా తెలియడంలేదు. కొస పట్టుకుని లాగింది. మడమలు దించి మళ్ళీ లాగింది. రోడ్డు కదల్లేదు. ఊరందరినీ ఒక్క చూపుతో నోరు మూయించే మనిషి అక్కడే దుమ్ములో కూలబడి ఏడ్చింది. నా పంతమే దాని ప్రాణం తీస్తోంది, అంది.

ఒడ్డున పడవకి తారు పూస్తున్న మేషాక్ అది చూశాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు. పడవలోంచి శంఖం తీసి ఊదాడు.

మా ఊళ్ళో శంఖం ఊదారంటే చేపల గుంపు వచ్చిందని. ఎక్కడి పని అక్కడ వదిలేసి రావాలి. వల తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ వాటా ఉంటుంది, ముసలివాళ్ళకైనా, దారిన పోయేవాళ్ళకైనా. అందరూ బుట్టలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"చేపలేవిరా?"

"చేపల్లేవు. బుట్టలు పక్కన పెట్టి రోడ్డు పట్టుకోండి."

కెతూరా మొహం చూశాక ఇంకెవరూ ఏమీ అడగలేదు. కొస దగ్గర ఆమె, ఆమె ముందు వరసగా ఊరు ఊరంతా. మేషాక్ హైలెస్సా అంటే అందరూ హైలెస్సా అన్నారు. రోడ్డు కదిలింది. లాగిన మేర వెనకాల కుప్పగా పడుతోంది. కొండ మీది మడతలు విడిపోయాయి. వంతెన వచ్చింది, చర్చి గంట వచ్చింది. చివరికి పట్నం ఆసుపత్రి గేటు వచ్చి మామిడి తోపు పక్కన ఆగింది. రోడ్డు మధ్యలో ట్రెడ్‌గోల్డ్ గారి గుర్రబ్బండి కూడా ఉంది. గుర్రం పాపం ఇంకా ముందుకే నడుస్తోంది.

గేటు దగ్గర డాక్టరు చొక్కా చేతులు పైకి మడుస్తూ, "ఎవరికి నొప్పులు?" అన్నాడు. ఇద్దరాడవాళ్ళు ఆదీనాని మోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళారు.

కట్టేద్దామంటే ఇనుప దిమ్మ లేదు. చేతులతోనే పట్టుకుని నిలబడాలి.

"ఇదేం పని? నేను అవతలి ఊరికి పోవాలి!" అని బండి దిగాడు ఇన్‌స్పెక్టరు.

"ముందు పట్టుకోండి దొరా. మేం వదిలేస్తే మీరెక్కడ తేలతారో మాకే తెలీదు," అన్నాడు మేషాక్. ఆయన కొండవైపు ఒకసారి చూసి, వరసలో అందరికన్నా ముందున్న చోట నిలబడి పట్టుకున్నాడు.

ఎండకి రోడ్డు సాగుతూనే ఉంది. అరచేతుల తోలు లేచిపోతోంది. లోపల్నుంచి ఆదీనా కేకలు వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు.  ఎవరూ కెతూరా వైపు చూడలేకపోయారు.

అప్పుడు బిడ్డ ఏడ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు.

"వెళ్ళు అక్కా, చూసిరా," అన్నారు. కెతూరా కదల్లేదు. డాక్టరు ఇంకా ఆదీనా దగ్గరే ఉన్నాడు. కొస వదిలితే వరసంతా జారిపోతుంది.

ట్రెడ్‌గోల్డ్ వరస వదిలి వెనక్కి నడిచొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"నువ్వు వెళ్ళు. నీ చోట నేనుంటాను."

కెతూరా ఆయన చేతులు చూసింది. "ఆ తొడుగులు తీసెయ్యండి, జారుతుంది. మడమలు దించండి. పొద్దు వాలేదాకా సాగుతూనే ఉంటుంది, వదలకండి."

ఆయన తొడుగులు తీసి, మడమలు దించి కొస అందుకున్నాడు.

"చేపలుంటే మీకూ వాటా ఇచ్చేవాళ్ళం దొరా," అన్నాడు మేషాక్.

కోతలు మొదలయ్యేసరికి ఇనుప దిమ్మ బండెక్కి తిరిగొచ్చింది, కెతూరా ఉద్యోగం కూడా వచ్చింది. దొర తన చేతుల బొబ్బలు గవర్నరుకి చూపించాడని మేషాక్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఆ సాయంత్రం మాత్రం అవేవీ ఎవరికీ తెలియవు. కెతూరా గేటు దాటి, మంచం దగ్గరికి పోయి నిలబడింది. ఆడపిల్ల. బతికి ఉంది, తల్లీ బతికే ఉంది. తోలు లేచిన అరచేతులతో పట్టుకోలేక బిడ్డని మోచేతుల మీదకి తీసుకుంది.

ఆదీనా కళ్ళు తెరిచింది. పెద్దమ్మని చూడగానే కంగారుపడింది.

"నువ్విక్కడున్నావేంటి? రోడ్డెవరు పట్టుకున్నారు?"

"గవర్నమెంటు పట్టుకుందిలే," అంది కెతూరా. "నువ్వు పడుకో."