స్టోరు గుమాస్తా గొడుగు

తాళాల మేడమ్ గొడుగు దులిపి, మడిచి, శిక్షణ గది కిటికీ ఊచకు తగిలించింది. పాత నల్ల గొడుగు. చేతి చెమటకు పిడి రంగు పోయి నున్నబడింది. కొసనుంచి నీళ్లు కింద పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోకి టప్పు టప్పుమని పడుతుంటే, వానాకాలమంతా ఆ చప్పుడు మీదే ఆవిడ పాఠం మొదలవుతుంది. ఇవాళ ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆ సంగతి గొడుగుకేం తెలుసు? ఎప్పటిలాగే కారుతోంది.

తాళాల మేడమ్ అన్నది శిక్షణకొచ్చేవాళ్లు చాటున పెట్టుకున్న పేరు. ఆవిడ చెవిన పడనే పడింది, విననట్టు ఊరుకుంది. పెద్ద పెద్ద సంస్థల డేటాబేసులను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగులు ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకునేది ఒకటే విద్య. ఎవరికి ఏది కనపడాలి, ఏది కనపడకూడదు, ఎవరు ఏది మార్చవచ్చు, మార్చినవాళ్ల జాడ ఎక్కడ మిగలాలి అన్నది ముందే ఆలోచించి కట్టడం. చూడ్డానికి ఆవిడ పొట్టి మనిషి. ఏసీ చలికి బూడిదరంగు స్వెటరు, మెళ్లో తాడుకు వేలాడే కళ్లజోడు, బోర్డు మీద రాసే పెన్ను సిరా ఎప్పటికీ వదలని చూపుడువేలు. గొంతు మాత్రం ఆ మనిషికి రెండింతలు.

సాధన కోసం ఆ గది కంప్యూటర్లలో ఒక సంస్థ ఉంది. భూమ్మీద మరెక్కడా లేదు. మొదట్లో దాన్ని ఇంట్లో కూర్చుని కట్టుకుంటూ, ఉద్యోగి ఒకటి, ఉద్యోగి రెండు అని రాసుకుంటూ పోయింది. పక్కన చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు తొంగిచూసి మూతి విరిచింది.

"ఇవేం మనుషులే? ఖైదీల్లా నంబర్లూ వాళ్లూనూ. ఆ స్టోరు గుమాస్తాకి మతిమరుపు పెట్టు. జీతాలు చూసే ఆవిడకి పిల్లులంటే భయం పెట్టు. అప్పుడు చూడు, వాళ్లే నడుచుకుంటారు."

అత్తగారు చెప్పింది చెప్పినట్టు కోడలు ఎక్కించింది. నిజంగానే వాళ్లు నడుచుకున్నారు. శిక్షణకొచ్చిన ప్రతివాళ్లూ ఒక్కో ఉద్యోగి వేషం కట్టి, తమకు దక్కని గదుల్లోకి దూరాలని చూస్తారు. మిగిలినవాళ్లు అడ్డం పడతారు. ఆ ధాటిలో ఫిర్యాదులు రాసుకుంటారు, బదిలీలు చేసుకుంటారు, మొహాలు గంటు పెట్టుకుంటారు. ఒకసారి గుమాస్తా వేషం కట్టినాయన, "నా గొడుగు పోయింది, వెతికించగలరు" అని ఫిర్యాదు పడేసి వెళ్లిపోయాడు. దొరికిందని ఆ తర్వాత ఎవరూ రాయలేదు.

ఈ కబుర్లన్నీ సాయంత్రం అత్తగారికి చేరేవి. ఇప్పుడా పెద్దావిడ మంచం దిగడం లేదు. కన్నకొడుకును చూసి, కరెంటు మీటరు చూడ్డానికొచ్చాడనుకుంటుంది. కోడల్ని, గుమాస్తా ఉండే ఆ ఆఫీసులో పనిచేసే ఎవరో అమ్మాయి అనుకుంటుంది. ఇంట్లో ఎవరూ గుర్తులేరు గానీ గుమాస్తా గుర్తున్నాడు, పిల్లుల భయం ఆవిడ గుర్తుంది. రోజూ ఒకటే ప్రశ్న: "గొడుగు దొరికిందా?" రోజూ ఒకటే జవాబు: "ఇంకా లేదత్తయ్యా." తర్వాత ఆ రోజు కబుర్లు. అవి వింటున్నంతసేపూ ఆ మొహంలో వెనకటి మనిషి మెల్లగా వచ్చి కూర్చుంటుంది. కోడలికి అదే చాలు.

ఉన్నది ఉన్నట్టు చెప్పడమే తాళాల మేడమ్‌కు వచ్చు. లేనిది అల్లడం ఆవిడ వల్ల కాదు. ఒక సెలవు రోజు ఏదో కల్పించి చెప్పబోతే, పెద్దావిడ ఇట్టే పట్టేసింది. "అబద్ధం," అని గోడవైపు తిరిగింది. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

మరి రేపట్నుంచి ఏం చెప్పాలి? ఆ దిగులుతోనే ఆవిడ ఓ పని చేసింది. ఇన్నేళ్లుగా ఎవరైనా చేస్తే చీల్చి చెండాడే పని. పోయిన వారం, ఎవరూ లేని వేళ, ఆ సంస్థలో తనకోసం ఒక ఖాతా తెరిచిపెట్టుకుంది. 'తనిఖీ' అని దానికో పెద్దమనిషి పేరు. ఇంటి నుంచి లోపలికి తొంగిచూడ్డానికి, అంతే. నకలు తీసుకుపోవచ్చు కదా అంటే, నకలులో మనుషులు కదలరు. పైగా నకళ్లు గడప దాటకూడదన్నది ఆవిడ మొదటి పాఠం. ఇది మాత్రం పాఠానికి లోబడి ఉందా అంటే లేదు. ఆ సంగతి తెలిసే చేసింది. ప్రాణం ఊరుకోలేదు.

ఆఖరి పరీక్ష ఎప్పుడూ ఒకటే. సంస్థలో అవసరం లేని ప్రతి తలుపూ, అంటే లోపలికి దారిచ్చే ప్రతి ఖాతా, మూసెయ్యాలి. అందరూ అన్నీ మూసి, ఒక్కటి మాత్రం వదిలేస్తారు. ప్రతి జట్టూ అంతే. గురువుగారి ఖాతా కదా, ముట్టుకోవడానికి చేతులు రావు. తాళాల మేడమ్ అక్కడే మార్కులు కోస్తుంది. "నామీద గౌరవముంటే టీ ఇప్పించండి. తలుపు తీసి పెట్టకండి," అంటుంది.

ఈ జట్టు గడుసుది, ముందు జట్లవాళ్లను అడిగి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆవిడ ఖాతా తీసేసి, టీ కూడా తెప్పించారు. గదిలో చప్పట్లు. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి, బయటి వీధి పాలలో నానినట్టుంది. టీ కప్పు చేతిలో పట్టుకుని ఆవిడ ఆ తెలుపులోకి చూస్తూ నిలబడింది. గుమాస్తా ఆ వీధిలోనే, తల తడుపుకుంటూ, వంగి వంగి వెతుక్కుంటున్నట్టు అనిపించింది.

"మేడమ్, ఒక్క నిమిషం." వెనక బెంచీ మీసాలాయన. ఏదో ఆసుపత్రి డేటాబేసు చూసుకునే మనిషి, మాట నెమ్మది. "ఈ తనిఖీ ఎవరండీ? పోయిన వారమే పుట్టాడు. అన్నీ చూస్తాడు, ఏ పనీ చెయ్యడు."

ఆఫీసువాళ్లదని ఒక్క మాట అంటే సరిపోతుంది. నమ్ముతారు. ఆవిడ నోటివెంట అబద్ధం వస్తుందని ఆ గదిలో ఎవరూ అనుకోరు. డబ్బాలో చుక్క పడింది. మరో చుక్క పడింది.

"నాదే," అంది.

మీసాలాయన తానే తప్పు చేసినట్టు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, తెలీదు మేడమ్. మీదే కదా, ఉంచేద్దాం లెండి. మీరేం చేస్తారు గనక!"

"మా అత్తగారికి ఈ కంపెనీ కబుర్లు చెప్పాలి. అందుకు పెట్టుకున్నాను," అంది ఆవిడ. గొంతు మొదటిసారి ఆ మనిషికి తగ్గట్టు చిన్నదైంది. "మీ ఆసుపత్రిలో ఎవరైనా ఇలాగే, ఇంట్లో పెద్దావిడ కోసమని తలుపు తీసి పెట్టుకుంటే?"

ఆయన మీసం సవరించుకుని తెర వైపు తిరిగాడు.

"వాళ్ల కారణమూ మంచిదే అయి ఉంటుంది. తీసెయ్యండి. ఒకరు తీయాలి, ఇంకొకరు సరిచూడాలి. అది కూడా నేనే చెప్పాలా?"

ఆయన వేలు మీట మీద చాలాసేపు ఆగింది. ఆవిడ అటు చూడకుండా బోర్డు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. "అయిందండీ," అన్నాడు ఆయన. "సరిచూశానండీ," అంది ముందు బెంచీ అమ్మాయి. ఆ మాటలకు తాళాల మేడమ్‌కు ఏడుపొచ్చింది, గర్వమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆవిడకే తెలీదు. జట్టంతటికీ నిండా మార్కులు వేసి, గుర్తింపు కార్డు బల్లమీద పెట్టి, అందరికీ మంచి మాట చెప్పి మెట్లు దిగింది. వాన సన్నబడింది. తుంపరలో ఏమీ పట్టనట్టు నడిచింది.

ఇంటి తలుపు భర్త తీశాడు. "అమ్మ ఇందాకట్నుంచీ నీకోసమే అడుగుతోంది. నన్ను మీటరు చూసి దయచెయ్యమంది," అన్నాడు. నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆపుకున్నాడు.

పెద్దావిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. "వచ్చావా అమ్మాయ్? గొడుగు దొరికిందా?"

కోడలు మంచం అంచున కూలబడింది. "తెలీదత్తయ్యా. ఇక నుంచి నాకు తెలీదు. నన్ను లోపలికి రానివ్వరు."

"ఎవడు వాడు, రానివ్వంది?"

"నేనే. నేనే చెప్పి మూయించుకున్నాను." ఇక ఆగలేదు. చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

పెద్దావిడ ముడతల చెయ్యి చాపి, కోడలి తల మీద వేసి నిమిరింది. "పిచ్చి మొహమా, దానికింత ఏడుపా? నువ్వు లేకపోతే వాళ్లు లేరా? కళ్లు తుడుచుకో. నే చెప్తా, విను."

కోడలు తలెత్తింది.

"నువ్విటు వచ్చేశాక గుమాస్తా లోపలికొచ్చాడు. ఇన్నాళ్లూ బీరువాల్లో వెతికారు, బల్లల కింద వెతికారు. కిటికీ వైపు చూసిన పాపాన పోయినవాడు లేడు. అక్కడే ఉందిటే, ఊచకి తగిలించి!"

"తీసుకున్నాడా?"

"దగ్గరికెళ్లి చూస్తే అది వాడిది కాదు. ఎవరో ఆడమనిషిది, మరిచిపోయి వెళ్లింది. పాపం తడిసిపోతూ పోయుంటుంది, తిరిగొస్తుందేమోనని అక్కడే ఉంచాడు." పెద్దావిడ వేళ్లు కోడలి జుట్టులో ఆగాయి. "ఇదేమిటే, తలంతా ఇంత తడిగా ఉంది?"

కోడలు చెయ్యెత్తి జుట్టు తాకి చూసుకుంది. భుజాల మీద స్వెటరు కూడా నానిపోయి ఉంది. లేవలేదు. "పిల్లుల భయం ఆవిడ ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగి, ఆ ఒళ్లో తల పెట్టుకుంది. పెద్దావిడ చెప్పడం మొదలుపెట్టింది.

శిక్షణ గదిలో కంప్యూటర్లు ఆపేసి, దీపాలు ఆర్పి, అందరూ వెళ్లిపోయారు. కిటికీ ఊచకు నల్ల గొడుగు, నున్నని పిడి గదివైపు తిరిగి, డబ్బాలోకి ఇంకా ఒక్కో చుక్కా రాలుస్తూ ఉంది.