నలభై ఒకటో ముసుగు

కార్నివాల్ ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి నిల్టన్ ఇంటి ఇనుప గేటు తెరుచుకోవాలి. మూడున్నరకే జుస్సారా సూదీ దారం పట్టుకుని గేటు పక్కన నిలబడింది. నిల్టన్ నడిపే ఉరుము అనే ముసుగువేషాల జట్టుకు దర్జీ ఆవిడే. ఈ ఏడు నలభై వేషాలు కుట్టింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా బస్తాలా ఉబ్బిన ఊదారంగు శాటిన్, వీపున వెండి జరీ పులి, ముఖానికి నవ్వుమొహం గీసిన తీగవల ముసుగు, చేతులకు తొడుగులు. లోపలి మనిషి గోరంత కూడా బయటపడకూడదు. గొంతు మార్చి కీచుగా మాట్లాడాలి. ముసుగు వేసుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. రియో శివార్లలో చర్చికి పోనివాడు కూడా ఈ నియమం తప్పడు.

ఆ నియమం మీదే ఆవిడ కొడుకు క్లేబెర్ ప్రాణం నిలబడి ఉంది.

నిరుటి కార్నివాల్‌లో రైలు స్టేషన్ ముందు రాబందుల జట్టు ఎదురైంది. క్లేబెర్ కుదురుగా ఉండక వాళ్ళ నాయకుడి ముసుగు లాగిపారేశాడు. తన్నులు తింటే మరిచిపోతారు గానీ, నడివీధిలో మొహం బయటపడితే మరిచిపోరు. లాగినవాడు ఫలానా దర్జీ కొడుకని సాయంత్రానికల్లా బీరు తాగిన నోళ్ళు చాటేశాయి. "ముసుగులో పోయిన పరువు ముసుగులోనే తెచ్చుకుంటా. వచ్చే కార్నివాల్ వాడికి ఆఖరుది" అన్నాడా నాయకుడు. ఏడాది పొడుగునా ఆ మాట జుస్సారాకు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

"ఈ ఒక్క ఏడూ మానెయ్యరా" అని బతిమాలింది.

"పిచ్చిదానా, వేషం వేశాక నలభైమందిలో నన్ను, కన్నతల్లివి, నువ్వే పట్టుకోలేవు. వాళ్ళ తరమా?" అని నవ్వాడు క్లేబెర్.

ఆ మాటకు ఆవిడకు రోషం వచ్చింది. పట్టుకోలేనా అనుకుంది. వాడి బడి చొక్కా గుండీ ఒకటి దాచి ఉంచుకుంది. దాన్ని వాడి వేషానికి ఎడమ మణికట్టు మడతలో కుట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

చెప్పనిది ఇంకొకటి ఉంది. పదిరోజుల కింద రంగు ఆరడానికి డాబా మీద పెట్టిన వేషాల్లో ఒకటి ముసుగుతో సహా మాయమైంది. గాలికి ఎగిరిపోయిందిలే అనుకుంది. గాలి గుడ్డనీ ముసుగునీ జత చూసుకుని ఎత్తుకుపోతుందా అని మనసు అడిగితే దాని నోరు మూయించింది. నిల్టన్‌కు తెలిస్తే, గేటు దాటేదాకా రహస్యంగా ఉండాల్సిన వేషం బయటపడిపోయిందని ఈ ఏటి ఊరేగింపే మానేస్తాడు, నాలుగు నెలల కష్టం పెంటకుప్ప పాలవుతుంది. అందుకే తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా, నిద్ర మానుకుని ఇంకొకటి కుట్టింది.

గేటు తెరుచుకుంది. వేషాలు లావు కాబట్టి ఒక్కొక్కడే పక్కకు తిరిగి బయటికి వస్తున్నాడు. జుస్సారా అంచులు చూస్తూ వేళ్ళు మడుస్తోంది.

"ఏంటే, పెళ్ళికొడుకుల్ని లెక్కపెడుతున్నావా? నాకూ ఒకణ్ణి ఉంచు!" ఎదురింటి మేడమీంచి ముసలి ఇరాసి అరిచింది.

వీధంతా నవ్వింది. ఆఖరివాడు దాటాడు. సరిగ్గా నలభై. జుస్సారా అప్పుడు ఊపిరి వదిలింది.

బాణసంచా పేలింది. పాట మొదలైంది. నలభైమందీ కర్రకు కట్టిన బంతుల్ని నేలకేసి బాదుతూ వీధిలోకి దూకారు. పిల్లలు కేకలు పెడుతూ అమ్మల వెనక దాక్కున్నారు. ఊదారంగు పొగ వీధిని కమ్మేసింది. పొగ పలచబడ్డాక జుస్సారా ఊరికే, తన పనితనం చూసుకుని మురిసిపోదామని, మళ్ళీ లెక్కపెట్టింది.

నలభై ఒకటి.

ఇంకోసారి లెక్కపెట్టింది. నలభై ఒకటే. ఒకడు గేటులోంచి రాలేదు, పొగలోంచి వచ్చాడు. గాలి ఎత్తుకుపోయిందనుకున్న తన కుట్టు కాళ్ళొచ్చి నడుస్తోంది.

"నిల్టన్! ఒరేయ్ నిల్టన్!" అని అరిచింది. ఏ ముసుగు వెనక ఉన్నాడో నిల్టన్! పక్కనున్నవాణ్ణి పట్టుకుని "మీలో ఒకడు పరాయివాడురా!" అంది. వాడు "అవునవును, నేనే!" అని కీచుగా నవ్వి గెంతుకుంటూ పోయాడు. ఆ పాట హోరులో, బంతుల మోతలో ఆవిడ మాట ఆవిడకే వినపడలేదు.

ఇక ఆవిడ ఆగలేదు. గుంపులో పడి దొరికినవాడి ఎడమచేయి తడమడం మొదలుపెట్టింది. ఒకడు విదిలించుకున్నాడు, ఇంకొకడు ఆవిడ చేయి పట్టుకుని గిర్రున తిప్పి ఆట ఆడించాడు. ఏడోవాడో ఎనిమిదోవాడో, మణికట్టు మడతలో వేలికి గుండీ తగిలింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

రెండు చేతులా వాణ్ణి కావలించుకుంది.

"క్లేబెర్! నా తండ్రీ, ఇంటికి పోదాం పదరా!"

సరిగ్గా అప్పుడే పాట మారింది. రెండు పాటల మధ్య, బంతుల మోత కూడా సన్నగిల్లిన సందులో ఆ పేరు వీధి చివరిదాకా వినిపించింది.

ఒక బంతి మోత ఆగిపోయింది. పది గజాల అవతల ఒకడు కదలకుండా నిలబడ్డాడు. నలభై ముసుగులకున్న నవ్వే వాడి ముసుగుకీ ఉంది. వాడు కర్ర కింద పడేసి, కుడిచేతి తొడుగు తీసి, వేషం లోపలికి చేయి పోనిచ్చాడు. నడక మొదలుపెట్టాడు. తొందరేమీ లేదు వాడికి.

ముసుగు వేసుకున్నాక క్లేబెర్ మొదటిసారి తన సొంత గొంతుతో మాట్లాడాడు.

"ఎంత పని చేశావమ్మా."

జుస్సారా గిరుక్కున తిరిగి కొడుకు ముందు నిలబడింది. రెండు చేతులూ చాపగలిగినంత చాపింది. వాడి ఒళ్ళు ఇటూ అటూ ఇంకా జానెడేసి బయటే ఉండిపోయింది. ఆ వేషం అంత వెడల్పుగా కుట్టింది ఆవిడే.