ఉత్తుత్తి ప్రయాణం

పళ్ల డాక్టరుగారి క్లినిక్కులో ఆవిడ పని తేదీలు ఇవ్వడం. బుగ్గ పట్టుకుని మూలుగుతూ వచ్చినవాళ్లకు "ఎల్లుండి పొద్దున రండి" అనడం. ఊరందరికీ తేదీ ఇచ్చే మనిషికి సొంత మొగుడి దగ్గర మాత్రం ఒక్క తేదీ దొరకలేదు. అందుకే పాత కుర్చీ పాడైపోయిందనీ, కొత్తది బిగించడానికి శని, ఆదివారాలు క్లినిక్ మూస్తున్నాననీ డాక్టరుగారు అనగానే, ఆవిడ కూర్చున్నచోటే తాడోపేడో తేల్చుకుంది. ఈసారి మొగుడితో కలిసి చెరువు ఒడ్డు లాడ్జిలో ఆ రెండు రోజులూ గడిపి తీరాలి. కుదరకపోతే ఇక జన్మలో ఆ ఊసెత్తకూడదు.

కోపం కన్నా భయం ఎక్కువ ఆవిడకి. పిల్లాడు హాస్టల్లో చేరాక ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు "గ్యాసు కట్టావా", "గడియ పెట్టావా" దగ్గరికి వచ్చి ఆగాయి. ఇంకొన్నాళ్లు పోతే ఆ రెండూ కూడా సైగల్లోకి దిగుతాయేమోనని లోపల్లోపల ఒకటే బెంగ.

ఆయన చెడ్డవాడేం కాదు. ఒక పెద్ద ఆఫీసు భవనంలో సేఫ్టీ ఆఫీసరు. ఉన్నట్టుండి బెల్లు మోగించి, జనాన్నందరినీ మెట్ల మీదుగా కిందికి దించి, పార్కింగులో నిలబెట్టి తలలు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ఇన్నేళ్లలో ఆ భవనంలో కాగితం ముక్క కూడా అంటుకున్న పాపాన పోలేదు. ఆయన ఎదుర్కొన్నవన్నీ ఉత్తుత్తి ప్రమాదాలే. ఆఫీసులో 'డ్రిల్లుగారు' అని పేరు పెట్టారు. "బెల్లు మోగాక వస్తువుల కోసం వెనక్కి వెళ్లకూడదు" అన్న మాట ఆయన నిద్రలో కూడా అంటాడు. మెడలో ఈల స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప తీయడు.

ఈ చెరువు ప్రయాణం నిరుడు కూడా ఒకసారి తలపెట్టారు. "ముందు నేను వెళ్లి చూసొస్తా" అని శనివారం ఒక్కడే వెళ్లి ఆదివారం చీకటిపడే వేళకి తిరిగొచ్చాడు. మెట్లు వెడల్పుగా ఉన్నాయనీ, వెనక వైపు తలుపు కూడా ఉందనీ, ఇక నిశ్చింతగా వెళ్లొచ్చనీ చెప్పాడు. వెళ్లడానికి సెలవు మాత్రం మిగల్లేదు. ఆ సంగతి క్లినిక్కులో చెబితే నోట్లో దూది కుక్కుకుని కూర్చున్న పెద్దాయన కూడా ఆపుకోలేక నవ్వాడు.

ఈసారి బస్సు శనివారం పొద్దున. శుక్రవారం సాయంత్రం ఆవిడ ఇస్త్రీ బట్టలు మంచం మీద పేర్చి, పెట్టె దించుదామని చూస్తే రెండు సూట్‌కేసులూ అప్పటికే నిండి, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాయి.

"బట్టలు ఇక్కడుంటే వాటిల్లో ఏం సర్దారండీ?"

"పాత పేపర్లు. బరువు చాలకపోతే ఇస్త్రీపెట్టె కూడా పెట్టాను. ఒకసారి రిహార్సల్ వేద్దాం."

"దేనికి?"

"ప్రయాణానికి. ఉన్నవి రెండే రోజులు. తాళం దగ్గరా మెట్ల దగ్గరా టైము పారేసుకుంటే చెరువు దగ్గర మనకేం మిగులుతుంది? గేటు దాకా దిగుదాం, మళ్లీ ఎక్కేద్దాం. అసలు బట్టలైతే మడతలు నలుగుతాయి కదా."

ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. రిహార్సల్లో ఏదో ఒక లోపం బయటపడుతుంది. దాన్ని సరిచేస్తానంటూ శనివారం గడిచిపోతుంది. ఈ మనిషి సంగతి ఆవిడకి కొత్త కాదు. అయినా చెప్పులేసుకుంది.

డ్రిల్లుగారు ఈల ఊదాడు. తలుపుకి తాళం పడింది. ఇద్దరూ చెరో పెట్టె పట్టుకుని మెట్లు దిగారు. గేటు దగ్గర ఆయన గడియారం చూసుకుంటూ "పర్లేదు, కానీ నువ్వు మలుపు దగ్గర తటపటాయించావు" అంటుండగా కింది వాటా బాబాయిగారు బయటికొచ్చారు. చుట్టరికమేమీ లేదు, పిలుపుకే బాబాయి. ఒకప్పుడు బడి పిల్లల్ని తిప్పిన పాత వ్యాను ఇప్పటికీ ఆయన చేతుల్లోనే ఉంది.

"చెరువు దగ్గరికేనా అమ్మాయ్? రేపు పొద్దున అన్నావుగా?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన గడియారంలో తలదూర్చి ఉన్నాడు.

"మా చెల్లెలింటికి బయల్దేరాను. చెరువు దారిలోనే. ఎక్కండి, ఎక్కండి. అల్లుడుగారూ, ఆ పెట్టె ఇలా ఇవ్వండి. అమ్మో, ఏం పెట్టారండీ ఇందులో?"

డ్రిల్లుగారు నోరు తెరిచాడు. "మావయ్యగారూ, మేం ఊరికే..." అని నీళ్లు నమిలాడు. మేం ఊరికే పేపర్లు మోసుకుని మెట్లు దిగుతున్నాం అని ఎదుటి మనిషికి చెప్పడం తేలిక కాదు.

ఇప్పుడు ఎక్కకపోతే ఇంకెప్పుడూ లేదు. ఆవిడ వ్యాను తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"పదండి బాబాయిగారూ."

రెండో పెట్టెతో డ్రిల్లుగారు కూడా ఎక్కక తప్పలేదు. వ్యాను సందు మలుపు తిరగగానే ఆవిడ చెవి దగ్గరకి వంగి గొంతు తగ్గించాడు.

"పెట్టెల్లో పేపర్లున్నాయే."

"తెలుసు."

"బట్టలు మంచం మీదున్నాయి."

"ఉండనీండి."

"వెనక్కి తిప్పమని అడుగుదాం."

"బెల్లు మోగాక వస్తువుల కోసం వెనక్కి వెళ్లకూడదు కదండీ," అంది ఆవిడ, చిలక్కి చెప్పినట్టు నెమ్మదిగా.

ఆ సూత్రం ఆఫీసు గోడలన్నిటికీ అంటించింది ఆయనే మరి.

లాడ్జి ఆయన డ్రిల్లుగారిని చూడగానే గుర్తుపట్టాడు. "నిరుడు మెట్లు కొలుచుకెళ్లిన సారు మీరే కదూ" అంటూ తాళం ఇచ్చాడు. ఒకరోజు ముందొచ్చినా గది ఖాళీగానే ఉంది. లోపలికెళ్లి పెట్టెలు తెరిచారు. ఇస్త్రీపెట్టె ఉంది, ఇస్త్రీ చేసుకోవడానికి బట్ట లేదు. ఆవిడకి నవ్వాగలేదు. మంచం మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది. ఆయన కాసేపు మొహం చిన్నబుచ్చుకుని, తర్వాత తనూ నవ్వాడు. ఆయన నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందన్న సంగతి ఆవిడ మరిచేపోయింది.

మర్నాడు నలిగిన బట్టల్లోనే చెరువు గట్టుకు వెళ్లారు. కొన్ని పేపర్లు పరుచుకుని కూర్చుని, మిగతావి ఒళ్లో పెట్టుకున్నారు. ఎప్పుడో అమ్ముడుపోయి ఉండే ఫ్రిజ్ ప్రకటన ఒకటి చదివి, అది కొనాల్సిందా వద్దా అని ఇద్దరూ పొద్దెక్కేదాకా వాదించుకున్నారు. ఆవిడ కొనాలంది. ఆయన తలుపు తప్పు వైపు తెరుచుకుంటుందన్నాడు.

ఉన్నట్టుండి ఆయన నీళ్లకేసి చూస్తూ అన్నాడు. "నిరుడు నేను మెట్లు చూడ్డానికి రాలేదు."

"మరి?"

"నిన్ను ఇక్కడికి తీసుకొస్తే నీతో ఏం మాట్లాడాలో తెలీలేదు. ఒక్కణ్ణే కూర్చుని రోజంతా ఆలోచించాను. ఏమీ తట్టలేదు. నాకు రిహార్సలే వచ్చు, అసలుది రాదు."

ఆవిడకి ఒళ్లు మండింది, జాలేసింది, ఆ రెండింటికన్నా ముందు పెద్ద భారం దిగినట్టయింది. తనొక్కతే భయపడుతోందనుకుంది ఇన్నాళ్లూ. ఆయన మెడలోంచి ఈల తీసి తన హ్యాండ్‌బ్యాగులో పడేసింది.

"వచ్చింది కదా. పొద్దున్నుంచీ ఫ్రిజ్ మీద నోరు మూయలేదు మీరు."

ఆదివారం సాయంత్రం చెల్లెలింటి నుంచి తిరిగెళ్తూ బాబాయిగారు లాడ్జి దగ్గర వ్యాను ఆపారు. పెట్టె ఎత్తబోయి, తేలిగ్గా రావడంతో ఒక్కడుగు వెనక్కి తూలారు. పేపర్లన్నీ గట్టు మీద పకోడీలమ్మే ఆయనకి ఇచ్చేసి వచ్చారు వీళ్లు.

"ఎలా జరిగిందండీ ప్రయాణం, అల్లుడుగారూ?"

"ఇది రిహార్సలే మావయ్యగారూ," అన్నాడు డ్రిల్లుగారు. "అసలుది ముందుంది."

ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ పెన్ను కోసం వెతుక్కుంది. "ఏ శనివారం రాసుకోమంటారు?" అని క్లినిక్కు గొంతుతో అడిగింది.

ఆయన కాసేపు లెక్క వేసుకుని దిగాలుగా చూశాడు. "నీకు సెలవెక్కడిదే? కుర్చీ కొత్తది కదా. అది మళ్లీ ఎప్పటికి పాడవ్వాలి?"

"దాని సంగతి నేను చూసుకుంటాలెండి," అంది ఆవిడ.