తోడికోడలి డ్యూటీ

తోడికోడళ్ళిద్దరూ ఒకే ఆస్పత్రిలో నర్సులు. పెద్దామె హెడ్ నర్సు; ఎవరు ఏ వార్డులో పనిచెయ్యాలో నిర్ణయించేది ఆవిడే. చిన్నామె మాటకారి. ఊరందరికీ సిస్టర్నే అయినా నీ ఒక్కదానికే చెల్లెల్నంటూ పెద్దామెను ఆటపట్టించేది.

మహమ్మారి వచ్చిపడి ఒక అంతస్తంతా ఆ రోగులకే కేటాయించినప్పుడు, హెడ్ నర్సు తన తోడికోడల్ని అటు పంపదులే అని నర్సుల గదిలో గుసగుసలు మొదలయ్యాయి. అవి పెద్దామె చెవిన పడ్డాయి. నోళ్ళు మూయించాలని చిన్నామెనే మొదట పంపింది. ఆమె వంతు అయ్యేసరికి ఇద్దరు నర్సులు జబ్బుపడ్డారు. ఎవరిని అడిగినా ఏదో ఒక ఇబ్బంది చెప్పేవారు. చిన్నామె ఇంటిమనిషి, అడగాల్సిన పని కూడా లేదు. ఆ డ్యూటీ మళ్ళీ ఆమెకే వేసింది. ఆ తర్వాతా అంతే.

చిన్నామె కాదనలేదు. కానీ ఇంట్లో ఆమె కబుర్లు తగ్గిపోయాయి. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కునేది. అన్నం కలిపి అలాగే కూర్చునేది. ఒకరోజు మరిది వచ్చి, నిద్రలో ఉలిక్కిపడుతోంది, కొన్నాళ్ళు వార్డు మార్చరాదా వదినా అని అడిగాడు. ఈ రోజుల్లో ఎవరికి నిద్రపడుతోందయ్యా అని పెద్దామె మాట దాటేసింది. ఆమెకు తెలియక కాదు. తెలుసని ఒప్పుకుంటే ఇంకొకరిని వెతకాలి.

ఒక మధ్యాహ్నం డ్యూటీ మారేవేళ చిన్నామె వార్డు తలుపు దగ్గర మాస్కు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. ముఖం దాకా తెచ్చి మళ్ళీ దించేసింది. వెనక నర్సులు ఆగి చూస్తున్నారు.

"ఈ ఒక్కరోజుకీ వేరే ఎక్కడైనా వెయ్యక్కా. నాకు ఊపిరాడట్లేదు."

అందరి ముందూ అక్కా అనేసరికి పెద్దామెకు ఒళ్ళు మండింది.

"ఈ నాటకాలు ఇంట్లో ఆడుకో. ఇక్కడ కాదు."

చిన్నామె మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్ళింది. సాయంత్రం ఆయా పరుగున వచ్చి పెద్దామెను పిలిచింది. ఒక ముసలాయన చనిపోయి ఆ పూటే ఖాళీ అయిన మంచం పక్కన, చిన్నామె నేలమీద కూర్చుని దుప్పటి మడతపెడుతోంది. విప్పి మళ్ళీ మడతపెడుతోంది. పిలిచినా తలెత్తలేదు. పెద్దామె దుప్పటి తియ్యబోతే గట్టిగా పట్టుకుంది.

మానసిక వైద్యుడు చూసి, ఇది ఒక్కరోజులో వచ్చింది కాదన్నాడు. మందులూ విశ్రాంతీ కావాలన్నాడు. ఇంతదాకా ఎవరూ గమనించలేదా అని పెద్దామెను అడిగాడు.

ఇంట్లో అత్తగారు ఏమైందని అడిగితే, చిన్నామె నీరసమని చెప్పి ఊరుకుంది. తన పేరు ఎత్తనందుకు పెద్దామె మరీ కుమిలిపోయింది. దాచుకోలేక భోజనాల దగ్గర తనే అంతా చెప్పేసింది. మరిది కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆ వార్డు డ్యూటీ పెద్దామె తనకే వేసుకుంది. సెలవన్న మాట ఎత్తలేదు. కొన్ని వారాలకు చిన్నామె కాస్త తేరుకుని ఆమెను గదిలోకి పిలిచింది.

"నువ్వలా ఒళ్ళు హూనం చేసుకుంటే నాకేం ఒరుగుతుందక్కా? నాటకమని అందరి ముందూ అన్నావు. కాదని కూడా అందరి ముందే చెప్పు."

పెద్దామె వెళ్ళి చెప్పింది. నర్సులందరినీ కూర్చోబెట్టి, అది జబ్బనీ, తనకు తెలిసే పంపిందనీ, పక్షపాతమంటారన్న భయంతో ఆ పని చేసిందనీ ఒప్పుకుంది. వాళ్ళలో ఒకామె మెల్లగా అంది:

"నాకూ లోపలికెళ్ళాలంటే కాళ్ళాడట్లేదు సిస్టర్. నన్నూ అలాగే అంటారని చెప్పలేదు."

పెద్దామె ఆ పూటే ఆమెకు వార్డు మార్చి, తనే వెంటబెట్టుకుని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఎవరికీ వరసగా ఆ వార్డు వెయ్యలేదు.

చిన్నామె మళ్ళీ పనిలో చేరింది, పిల్లలకు టీకాలు వేసే గదిలో. పెద్దామెతో మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. కానీ మనసు బాగాలేనప్పుడు అత్తగారి పక్కన కూర్చుని చెప్పుకుంటుంది. పెద్దామె గుమ్మంలోకి వస్తే మాట మార్చేస్తుంది. పెద్దామెకు అది తెలుస్తూనే ఉంటుంది. వంటింట్లో పనేదో ఉన్నట్టు వెనక్కి తిరిగిపోతుంది.