వంచి గీసిన ఫుట్‌రెస్ట్

మా అక్కకి చక్రాల కుర్చీ పందెం ఎల్లుండి. ఏడాదంతా చేతులు బొబ్బలెక్కేలా సాధన చేసింది. సరిగ్గా ఈ వారమే కాళ్లు ఆనించుకునే ఫుట్‌రెస్ట్ విరిగి కూర్చుంది. అది లేకపోతే బరిలోకి దిగనివ్వరు. వర్క్‌షాపులో నా బల్ల పక్కనే కుర్చీ ఆపుకుని నావైపే చూస్తోంది. నాకు కంగారు పుట్టదా మరి?

మా మిషన్ లోహపు పొడిని లేజర్‌తో కరిగించి, మందపాటి పలక మీద పొర మీద పొర వేస్తూ వస్తువు తయారుచేస్తుంది. ఆ పొరలు చల్లారుతూ లోలోపల బిగుసుకుంటాయి. పలక నుంచి కోసి తీయగానే అంచులు పైకి లేచిపోతాయి. ఇప్పటికే రెండు ఫుట్‌రెస్టులు అలాగే తగలడ్డాయి. ఇంకొక్కదానికే పొడి మిగిలింది.

"ఈసారి అంచులు కిందికి వంచి గీశాను," అన్నాను.

మిషన్ యజమాని అయిన మా బావ కంప్యూటర్‌లోకి తొంగి చూశాడు. "వంకర పోగొట్టవే తల్లీ అంటే, నువ్వే వంకర గీస్తావా?"

"ఎంత పైకి లేస్తోందో కొలిచి, అంతే కిందికి వంచా బావా. లేచాక సరిగ్గా సమానంగా ఉంటుంది."

"ఉండకపోతే?"

"మీ ఆవిడకి నువ్వే చెప్పుకో!"

"మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి," అక్క కసిరింది. "ముందు మిషన్ ఆన్ చెయ్యండి."

మర్నాడు మిషన్ తలుపు తీశాను. ఫుట్‌రెస్ట్ అచ్చం నేను గీసినట్టే, రెండు చివరలూ కిందికి జారి ఏడుపుముఖం పెట్టుకుని ఉంది. బావ తల పట్టుకున్నాడు. చేతిలో రంపం లేకపోతే నేనూ పట్టుకునేదాన్నే.

కోయడం మొదలుపెట్టాను. ఒక చివర వదులై నెమ్మదిగా పైకి లేచింది. రెండోదీ లేచింది. ఉక్కు స్కేలు ఆనించి కిటికీకి ఎదురుగా పట్టాను. రెంటి మధ్య వెలుతురు రాలేదు, అంటే ఎక్కడా వంకర లేదు! నేను వేసిన కేకకి బావ ఉలిక్కిపడ్డాడు.

కుర్చీకి బిగించాక అక్క కాళ్లు రెండూ ఎత్తి దాని మీద పెట్టుకుంది. చక్రాలు పట్టుకుని ఒక్క తోపు తోసింది. గేటు దాటేసింది.

"ఏయ్, ఆగు! పందెం రేపు కదా!" నడవడానికే బద్ధకించే మా బావ వీధిలో పరుగందుకున్నాడు.

"ముందు నన్ను పట్టుకో చూద్దాం!"

ఫుట్‌రెస్ట్ విరిగాక అక్క నవ్వడం అదే మొదలు. సంతోషం పట్టలేక స్పానర్ పట్టుకునే నేనూ పరిగెత్తాను. వీధి చివరిదాకా ఇద్దరం ఎంత పరిగెత్తినా అక్కని అందుకోలేకపోయాం.